ఆ మేడ మీద డ్యూటీ ఎవరిది?

సంపాదకులు గారికి,

నాయకుడి సభలోనో రోడ్‌షోలోనో జరగరానిది జరిగితే మర్నాడు అందరి నోటా ఒకటే మాట. బందోబస్తు చాలలేదు, గన్‌మెన్లను పెంచాలి, జెడ్ కేటగిరీని జెడ్ ప్లస్ చేయాలి. పార్టీలు అదే అడుగుతాయి, ప్రభుత్వాలు అదే చేస్తాయి, టీవీల్లో అదే చర్చ. విచారణ జరిగి వివరాలు బయటికొచ్చిన ఘటనలు తిరగేసి చూడండి. మనుషులు చాలక తప్పిపోయినవి తక్కువ. బలగం ఉంది, తుపాకులున్నాయి, వైర్‌లెస్ సెట్లున్నాయి. ఒక్క జాగా మాత్రం ఎవరి పేరునా రాసి లేదు. లోపం అక్కడే దొరుకుతుంది.

2022 జనవరి 5న పంజాబ్‌లోని ఫిరోజ్‌పూర్ దారిలో ప్రధాని కాన్వాయ్ ఫ్లైఓవర్ మీద 15-20 నిమిషాలు నిలబడిపోయింది. సుప్రీంకోర్టు జస్టిస్ ఇందూ మల్హోత్రా అధ్యక్షతన కమిటీ వేసింది. ఆ ఏడాది ఆగస్టు 25న అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి.రమణ ధర్మాసనం ముందు చదివిన సారాంశం ఇది: ప్రధాని ఆ దారిన వస్తున్నారని రెండు గంటల ముందే తెలిసింది, చేతిలో సరిపడా బలగం ఉంది, అయినా జిల్లా పోలీసు అధిపతి (ఎస్‌ఎస్‌పీ) తన పని చేయలేకపోయారు. కాకతాళీయమే గానీ, సరిగ్గా అదే రోజు జపాన్ జాతీయ పోలీసు సంస్థ తమ మాజీ ప్రధాని షింజో అబే హత్యపై నివేదిక బయటపెట్టింది. ఆ సంస్థ అధిపతి పదవి వదులుకుంటున్నట్టు అప్పుడే ప్రకటించారు. నివేదిక తప్పుపట్టింది బందోబస్తు ప్లాన్‌ను, వెనక వైపు నిఘా లేకపోవడాన్ని.

అబే హత్య జరిగిన జపాన్‌లోని నారా నగరం సంగతి మన పోలీసు అధికారులు శ్రద్ధగా చదవాల్సిన పాఠం. 2022 జులై 8, పొద్దున పదకొండున్నర. రైల్వే స్టేషన్ ఎదుట కూడలి మధ్యలో ఇనుప రెయిలింగ్ చుట్టిన చిన్న జాగాలో అబే నిలబడి మాట్లాడుతున్నారు. జనం ముందున్నారు. వెనక వాహనాలు తిరిగే రోడ్డు, దాన్ని మూయలేదు. వెనక వైపు చూడాల్సిన అధికారి ఒకరు ఉన్నారు. ముందు జనం పెరుగుతుండటంతో ఆయన్ని రెయిలింగ్ లోపలికి మార్చారు. ఆ మార్పుతో వెనక్కి చూసే కళ్లు లేకుండా పోయాయి. మార్పు జరిగిన సంగతి పై అధికారికి అందలేదు, ఖాళీ అయిన చోట్లో ఇంకొకరిని వేయలేదు. హంతకుడు రోడ్డు దాటి నడుచుకుంటూ వచ్చి, ఇంట్లో తయారు చేసుకున్న తుపాకీతో సుమారు 7 మీటర్ల నుంచి మొదటిసారి, 5 మీటర్ల నుంచి రెండోసారి కాల్చాడు. మధ్యలో వ్యవధి మూడు సెకన్ల లోపే. మొదటి గుండు తగల్లేదు. ఆ శబ్దం తుపాకీదని పోల్చుకుని నాయకుణ్ణి కిందికి తోసి ఉంటే రెండోది కూడా తగిలేది కాదేమో. తోయలేదు.

అసలు ఆ బందోబస్తు ప్లాన్ ఎలా తయారైంది? అబే పర్యటన ముందు రోజే ఖరారైంది. అంతకు రెండు వారాల ముందు, జూన్ 25న, అదే చోట మరో పెద్ద నాయకుడు మాట్లాడి వెళ్లారు. ఆ ప్లాన్‌నే తీసి వాడారు. అప్పుడేమీ కాలేదు కనుక ఇప్పుడూ కాదన్న ధీమా. పాత ఫైలు దులిపి తేదీ, వీఐపీ పేరు మార్చి సంతకాలకు పంపడం మన జిల్లాల్లోనే ఉందనుకుంటాం గానీ, క్రమశిక్షణకు పేరుపడ్డ జపాన్‌లోనూ అదే జరిగింది.

బట్లర్ సంగతి ఇంకా విడ్డూరం. 2024 జులై 13న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, బట్లర్ అనే ఊళ్లో ట్రంప్ సభ. వేదికకు సుమారు 400 అడుగుల దూరంలో ఒక కంపెనీ షెడ్డు, దాని కప్పు మీద నుంచి చూస్తే వేదిక సూటిగా కనిపిస్తుంది. ఆ బిల్డింగును తనిఖీ పరిధికి బయట వదిలేశారు. అక్కడి అధ్యక్షుల, మాజీ అధ్యక్షుల భద్రత చూసే సీక్రెట్ సర్వీస్ వాళ్లు అది లోకల్ పోలీసులు చూసుకుంటారనుకున్నారు. లోకల్ పోలీసులు అది తమకు అప్పగించలేదంటారు. అదే ఆవరణలోని పక్క బిల్డింగులో లోకల్ స్నైపర్లు కిటికీ దగ్గరే ఉన్నారు. కాల్పులు 6 గంటల 11 నిమిషాలకు జరిగితే, కాల్చిన కుర్రాడు వాళ్ల కంట పడింది గంటన్నర ముందే. ఫొటోలు తీసి ఫోన్లలో పంపుకున్నారు. దూరం కొలిచే పరికరం అతని చేతిలో ఉందనీ గమనించారు. ఈ కబురు చాలాసేపు లోకల్ వాళ్ల మధ్యే తిరిగి, సీక్రెట్ సర్వీస్‌కు ఆలస్యంగా, అరకొరగా చేరింది. ఇద్దరికీ కలిపి ఒకే రేడియో ఛానల్ లేదు, కంట్రోల్ రూములు రెండు వేర్వేరు చోట్ల. చివరికి వేదిక మీదున్న నాయకుణ్ణి ఆపమని ఎవరూ చెప్పలేదు. ఎనిమిది గుళ్లు పేలాయి. నాయకుడి చెవికి గాయం, సభకు వచ్చిన ఒకరి ప్రాణం పోయింది, మరో ఇద్దరికి తీవ్ర గాయాలు. కప్పు ఏటవాలుగా ఉంది కాబట్టి మనుషుల్ని పెట్టలేదని సీక్రెట్ సర్వీస్ డైరెక్టర్ తర్వాత టీవీలో చెప్పారు. ఆ జవాబుతో ఆమె పదవి పది రోజులు కూడా నిలవలేదు.

మన దగ్గర మేడలు ఖాళీగా ఉండవు, కిటకిటలాడతాయి. సెంటర్లో సభ అంటే చుట్టూ ఉన్న కాంప్లెక్సుల మీద, సింటెక్స్ ట్యాంకుల పక్కన, కట్టడం ఆగిన అపార్ట్‌మెంట్ల శ్లాబుల మీద, ఫ్లెక్సీల ఫ్రేముల మీద జనమే. రూఫ్‌టాప్ డ్యూటీకి వేసిన ఇద్దరు కానిస్టేబుళ్లు ఆ జనంలో కలిసిపోతారు. చాలా బందోబస్తు స్కీముల్లో, అంటే ఎవరి డ్యూటీ ఎక్కడో రాసే కాగితాల్లో, ఆ డ్యూటీ ఎలా రాసి ఉంటుందంటే, 'రూఫ్‌టాప్: ఎస్‌ఐ 1, పీసీలు 12'. ఏ మేడ, ఎవరు, ఎన్ని గంటల నుంచి, తాళం ఎవరి దగ్గర, ఏమీ ఉండదు.

రాయాల్సిన పద్ధతి వేరు. సభకు ముందు రోజు, సభ జరిగే వేళకే, ఒక అధికారి వేదికెక్కి నాయకుడు నిలబడే చోట నిలబడాలి. ఆ వెలుగులో చుట్టూ తిరిగి చూస్తూ, కంటికి కనిపించే ప్రతి కిటికీ, మేడ, ట్యాంకు, సెల్ టవర్, చెట్టు లెక్క వేసుకోవాలి. అక్కడి నుంచి నాయకుడు కనిపిస్తాడంటే, ఆ చోటికి ఒక నంబరు, ఒక కానిస్టేబుల్ పేరు, ఇంటి యజమాని ఫోను, మెట్ల తలుపు తాళం ఉండాలి. మనిషిని పెట్టలేని చోటికి చూపు అందకుండా అడ్డం పెట్టాలి. రెండు ఆర్టీసీ బస్సులు అడ్డంగా నిలిపినా, పరదా కట్టినా చాలు, పెద్ద ఖర్చు కాదు. దిక్కులు పంచుకుని బైనాక్యులర్‌తో చూసే నలుగురు స్పాటర్లు మాత్రం వేదిక వైపు తిరగకూడదు. ఉపన్యాసం వినే పోలీసు డ్యూటీలో లేనట్టే లెక్క. మన సభల వీడియోలు చూస్తే వేదిక చుట్టూ ఉన్న పోలీసుల్లో సగం మంది ముఖాలు నాయకుడి వైపే ఉంటాయి.

'డీ' గురించి కూడా చెప్పాలి. డీ అంటే వేదిక ముందు ఖాళీగా వదలాల్సిన జాగా. మొదటి అరగంట ఖాళీగానే ఉంటుంది. తర్వాత పాసులున్న నాయకులు, ఆ నాయకుల అనుచరులు, కెమెరాలు, చివరికి జెండాలు పట్టుకున్న కుర్రాళ్లు. స్థానిక ఎమ్మెల్యే మనిషిని డీ లోంచి బయటికి పంపే ధైర్యం ఏ సీఐకి ఉంటుంది? పంపితే వారంలో బదిలీ. ఇదీ భద్రతా లోపమే, కాకపోతే ఏ విచారణా దీన్ని కాగితం మీద పెట్టదు.

ఇక గేట్లు. దరఖాస్తులో ఆర్గనైజర్లు 50 వేల మంది వస్తారని రాస్తారు. డోర్ ఫ్రేమ్ మెటల్ డిటెక్టర్లు ఆరు పెడతారు. లెక్క చూడండి. మనిషి దాటి, అలారం మోగితే చేతి డిటెక్టర్‌తో తడిమి వదలడానికి సగటున ఆరు సెకన్లు వేసుకున్నా నిమిషానికి పది మంది, గంటకు 600. మూడు గంటల్లో ఒక గేటు దాటేది 1,800. ఆరు గేట్లకు 10,800. 50 వేల మందిని నిజంగా తనిఖీ చేయాలంటే 28 గేట్లు కావాలి, లేదా పొద్దున్నే గేట్లు తెరవాలి. రెండూ జరగవు. నాయకుడి హెలికాప్టర్ చప్పుడు వినిపించగానే తోపులాట మొదలవుతుంది, తొక్కిసలాట భయంతో పోలీసులే గేట్లు వదిలేస్తారు. వదిలేయడం ఆ క్షణంలో సరైన పనే. తప్పు పర్మిషన్ ఇచ్చిన రోజున జరిగింది. జనం సంఖ్యను బట్టి గేట్ల సంఖ్య, గేట్లు తెరిచే సమయం అనుమతి పత్రంలోనే షరతుగా ఉండాలి.

పెట్టిన గేట్లైనా పని చేస్తాయా? దున్నిన పొలంలో పలక వేయకుండా నిలబెడితే జనం అడుగులకు ఫ్రేము ఊగుతుంది, ఊరికే కూస్తుంది. ఇనుప బారికేడ్లకు ఆనించి పెట్టినా, జనరేటర్ కేబుల్ దాని పాదాల కింద నుంచి లాగినా అంతే. రెండు ఫ్రేములు మరీ పక్కపక్కన పెడితే ఒకదాని కూత ఇంకొకదానిది. అరగంట అలా కూసే సరికి డ్యూటీలో ఉన్నవాళ్లు ఆ చప్పుడు పట్టించుకోవడం మానేస్తారు. ఆడవాళ్ల గేటు దగ్గర చాటు కట్టని సభల్లో తనిఖీ చేయి ఊపడంతో సరి.

శ్రీపెరంబుదూరు చేదు అనుభవం మనకు ఉండి కూడా ఇంతే. 1991 మే 21న రాజీవ్ గాంధీ విశాఖపట్నం నుంచే మద్రాసు వెళ్లారు. విమానంలో సాంకేతిక లోపంతో బయల్దేరడం ఆలస్యమైంది, సభకు చేరేసరికి రాత్రి పది దాటింది. అప్పటి చట్టం ప్రకారం మాజీ ప్రధానికి ఎస్‌పీజీ (ప్రధానిని కాపాడే ప్రత్యేక దళం) లేదు. దండ వేసేవాళ్ల జాబితాలో లేని యువతి గంధపు దండతో దగ్గరికి వస్తుంటే ఒక మహిళా ఎస్‌ఐ ఆపబోయారు. రానివ్వమని వారించింది రాజీవే. ఆ తర్వాత జరిగింది దేశమంతటికీ తెలుసు. ఎస్‌ఐ తన పని చేసింది, నాయకుడి మాట ఆ పనిని రద్దు చేసింది. ముప్పై ఏళ్లు దాటినా ఈ ఒక్క విషయంలో మార్పు లేదు. చుట్టుకొలత గీసే అధికారం పోలీసులకు ఉంది, దాన్ని తుడిచే అధికారం నాయకుడి చేతి సైగకు ఉంది. దండలు, శాలువాలు, బొకేలు ముందుగా ఒక బల్ల దగ్గర అప్పగించి, తనిఖీ అయ్యాక జాబితా ప్రకారం మాత్రమే పైకి పంపాలన్న నియమం పాటించే సభలు ఎన్ని?

తనిఖీ గట్టిగా ఉన్న చోట దెబ్బ లోపలి మనిషి నుంచి వస్తుంది. 2018 అక్టోబర్ 25న విశాఖ విమానాశ్రయం వీఐపీ లాంజ్‌లో జగన్‌మోహన్‌రెడ్డి మీద దాడి చేసిన వ్యక్తి అక్కడి రెస్టారెంట్‌లో పనిచేసేవాడు. వాడింది కోడిపందేల కత్తి. ప్రయాణికుల సంచులు స్కానర్లో పెట్టి చూసే చోటికి అది చేరిందంటే, పనివాళ్ల దారి మీద ప్రయాణికుల దారి మీద ఉన్నంత శ్రద్ధ లేదనే అర్థం. సభల్లో ఈ దారి ఇంకా వెడల్పు: టెంటు వాళ్లు, మైకు వాళ్లు, ఎల్‌ఈడీ తెరల వాళ్లు, వంట మనుషులు. బాంబుల కోసం వెతికే యాంటీ సబొటేజ్ టీమ్ వేదిక కింద కుక్కలతో వెతికి సర్టిఫికెట్ ఇచ్చిన గంటకు మైకు వాడు ఇంకో పెట్టె మోసుకొస్తాడు. చెక్ అయ్యాక లోపలికి వచ్చే ప్రతి వస్తువూ మళ్లీ చెక్ కావాలి, లేకపోతే ఆ సర్టిఫికెట్‌కు విలువ లేదు.

ఏటా అదే రోజు, అదే దారిలో జరిగే కార్యక్రమాలది వేరే కథ. 2003 అక్టోబర్ 1న అలిపిరి దగ్గర నక్సలైట్లు పేల్చిన క్లేమోర్ మైన్ల నుంచి అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు గాయాలతో బయటపడ్డారు. బ్రహ్మోత్సవాలకు పట్టువస్త్రాలు తీసుకెళ్లే దారి, వేళ లోకమంతటికీ తెలిసిందే. అలాంటి చోట రోడ్ ఓపెనింగ్ పార్టీ (కాన్వాయ్‌కు ముందు దారి తనిఖీ చేసే బృందం) రోడ్డు మీద నడిచి రావడం చాలదు, కల్వర్టు కిందికి దిగాలి, గట్టు అవతల చూడాలి, చూశాక కాన్వాయ్ దాటేదాకా ఆ చోటు వదలకూడదు. 2018 సెప్టెంబర్ 23న అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావు, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమలను లివిటిపుట్టు దగ్గర మావోయిస్టులు చంపినప్పుడు వాళ్ల వెంట గన్‌మెన్లు ఉన్నారు. గన్‌మెన్ల లెక్కతో భద్రతను కొలిచేవాళ్లు దీనికేమంటారు?

రోడ్‌షోలకు వస్తే, నిజానికి వాటికి భద్రత అన్న మాటే అతకదు. వాహనం చుట్టూ తాడు పట్టుకుని నడిచే రోప్ పార్టీని చూడండి. గంటకు కిలోమీటరు కూడా కదలని ఊరేగింపులో మూడు గంటలు. జనం ఒక పక్క నెడతారు, వాహనం ఇంకో పక్క. కాళ్ల మీద టైరు ఎక్కుతుందేమోనన్న భయంతో కానిస్టేబుల్ చూపు కిందికే ఉంటుంది, ఎదుటివాడి చేతుల మీద ఉండదు. గంటకోసారి ఆ కానిస్టేబుళ్లను మార్చాలి, ఎక్కడా మార్చరు. డ్రైవర్‌కు బానెట్ ముందు రెండు గజాలు కనిపించవు. దీనికి తోడు క్రేన్‌కు వేలాడే గజమాల, రోడ్డుకు రెండు పక్కలా జేసీబీ తొట్లలో నిలబడి పూలు చల్లే అభిమానులు. ఆ క్రేన్ ఆపరేటర్ ఎవరు, కొక్కెం ఎంత బరువు ఆపుతుంది, ఆపిల్ దండ తెగితే ఎవరి నెత్తిన పడుతుంది? వంద చేతులు పూలు రువ్వుతున్న చోట ఒక చెయ్యి రాయి విసిరితే పట్టుకునేది ఎలా? 2024 ఏప్రిల్ 13 రాత్రి విజయవాడ సింగ్‌నగర్‌లో అప్పటి ముఖ్యమంత్రి జగన్‌కు ఎడమ కనుబొమ పైన తగిలింది రాయే. పైన నిలబడిన నాయకుడికి తీగలు తగలకుండా రోడ్‌షో దారిలో కరెంటు తీయడం మామూలు. తీయక తప్పదు, తీస్తే వీధి చీకటి. రాత్రిపూట కరెంటు తీసే పక్షంలో జనరేటర్ లైట్ల వాహనం ముందొకటి, వెనకొకటి నడవాలి. వాటి వెలుగు నాయకుడి మీద కాదు, జనం మీద పడాలి. ఇది చెబితే ఆర్గనైజర్లు ఒప్పుకోరు, వీడియోలో నాయకుడు వెలగాలి కదా.

జనం ప్రాణాలూ ఈ లెక్కలోవే. 2022 డిసెంబర్ 28న కందుకూరులో చంద్రబాబు సభలో 8 మంది పోయారు. 2025 సెప్టెంబర్ 27న తమిళనాడులోని కరూర్‌లో విజయ్ సభలో 41 మంది. కరూర్‌లో మధ్యాహ్నం నుంచి ఎదురుచూసిన జనానికి నాయకుడు కనిపించింది రాత్రి ఏడు దాటాక. 30 అడుగుల రోడ్డులో 100 మీటర్ల నిడివికి స్థలం సుమారు 900 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు నలుగురు చొప్పున నిలబడగలిగేది 3,600 మంది. ఆపైన ఇంకా ఇరికిస్తూ పోతే ఊపిరాడని పరిస్థితి వస్తుంది. డ్రోన్ షాట్‌లో జనం ఎక్కువగా కనిపించాలని ఇరుకు సెంటర్ ఎంచుకునే పార్టీలకు ఈ లెక్క తెలియదని అనుకోను. కందుకూరు తర్వాత వచ్చిన జీవో నంబర్ 1 రోడ్ల మీద సభలనే అడ్డుకోబోయింది, హైకోర్టు 2023 మేలో కొట్టేసింది. కొట్టేయడం సబబే. నిషేధం సులువు, రోడ్డు వెడల్పును బట్టి జనాన్ని లెక్కగట్టి అనుమతి ఇవ్వడమే కష్టం. ఆ కష్టం పడమనే అడుగుతున్నాం.

మాట అందే దారి కూడా చూడాలి. ఇప్పుడు బందోబస్తు అంతా వాట్సాప్ గ్రూపుల మీద నడుస్తోంది. కాన్వాయ్‌లో జామర్ (సిగ్నళ్లను అడ్డుకునే పరికరం) ఉన్న వాహనం దగ్గరికొస్తే ఫోన్లు చచ్చిపోతాయి. జామర్ లేకున్నా వేల ఫోన్లు ఒకే టవర్ మీద పడితే మెసేజ్ పది నిమిషాలకు వెళుతుంది. అనుమానితుడి ఫొటో సరిగ్గా అవసరమైన ఆ పది నిమిషాల్లో గింగిరాలు తిరుగుతుంటుంది. వీహెచ్‌ఎఫ్ వైర్‌లెస్ సెట్టు మీద సివిల్ పోలీసులది ఒక ఛానల్, నాయకుడి వెంట ఉండేవాళ్లది ఇంకొకటి. సభాస్థలి పక్కనే ఒక కంట్రోల్ వాహనం పెట్టి అందులో సివిల్ పోలీసు, ఇంటెలిజెన్స్ సెక్యూరిటీ వింగ్, ఫైర్, విద్యుత్ శాఖ ఏఈ, ఆర్గనైజర్ల తరఫున ఒకరు పక్కపక్కన కూర్చోవాలి. రేడియో కలవకపోయినా భుజం తట్టి చెప్పొచ్చు. వాళ్లలో ఒక అధికారికి, పేరుతో, రాతపూర్వకంగా ఒక అధికారం ఉండాలి: అనుమానం తీరేదాకా నాయకుణ్ణి వేదిక ఎక్కనీయకుండా ఆపడం. బట్లర్‌లో ఆ ఒక్క మాట అనే మనిషే లేకపోయాడు.

వెళ్లేటప్పటి సంగతి అందరూ మరిచిపోతారు. ఉపన్యాసం అయిపోగానే రూఫ్‌టాప్ డ్యూటీ కిందికి దిగుతుంది, బారికేడ్ దగ్గర కానిస్టేబుల్ నీళ్ల సీసా తీస్తాడు, జనం కాన్వాయ్ వైపు పరిగెడుతుంది. 1981 మార్చి 30న రీగన్‌పై వాషింగ్టన్‌లో కాల్పులు జరిగింది ఆయన హోటల్లో ప్రసంగం ముగించుకుని కారెక్కబోతుండగానే. తాడు అవతల కొద్ది అడుగుల దూరంలో ఏ తనిఖీ లేకుండా నిలబడ్డవాళ్లలో ఒకడు రెండు సెకన్ల లోపు ఆరు గుళ్లు పేల్చాడు. మన స్కీముల్లో వీఐపీ రాక పేజీలకు పేజీలు ఉంటుంది, పోక రెండు లైన్లు. చివరి వాహనం చివరి జంక్షన్ దాటిందని కంట్రోల్ వాహనం నుంచి సెట్టులో చెప్పేదాకా మేడ మీదివాడు మేడ మీదే, గేటు దగ్గరివాడు గేటు దగ్గరే ఉండాలని రాయండి. అలా రాసిన స్కీమ్‌లో ప్రతి పాయింటు ఎదురుగా పేరు, సంతకం లేకపోతే ఎస్పీ ఆ కాగితం మీద సంతకం పెట్టకూడదు.

– విశ్రాంత పోలీసు అధికారి, ఒంగోలు